లిఫ్టు దిగని దొరసాని

ఆ పొద్దున వాళ్ళు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటిల్లిపాదీ స్నానాలు కానిచ్చి, ఇంత తిని, లిఫ్టులో కిందికి దిగి, వీధి చివరనున్న పిల్లల ఆస్పత్రికి నడిచి వెళ్ళి, దొరసానిని తూకం వేయించుకుని రావాలి. అంతే. ఈ మాత్రం పనికి అగ్నిమాపక దళం కూడా కావాలని ఎవరైనా ముందే చెబితే ఆ ఇంట్లో వాళ్ళు నవ్విపోయేవారు.

దొరసాని అంటే ఆ ఇంటి పసిపిల్ల. పేరు ఇంకా కుదరలేదు. ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఎవరెప్పుడు నిద్రపోవాలో, ఎవరెప్పుడు అన్నం తినాలో, ఏ తలుపు ఎంత నెమ్మదిగా వెయ్యాలో అన్నీ ఆవిడే నిర్ణయిస్తోంది కనుక ఆ పిలుపు స్థిరపడిపోయింది. దిండులో సగం కూడా లేని మనిషి నలుగురు పెద్దవాళ్ళని కంటి సైగ కూడా లేకుండా ఆడించడం చూస్తే ఎవరికైనా ఆశ్చర్యంగానే ఉంటుంది. చిక్కల్లా పాల దగ్గర వచ్చింది.

దొరసానికి ఆకలేస్తుంది. ఆకలేసిన సంగతి కింది అంతస్తు దాకా తెలుస్తుంది. తల్లి ఒళ్ళోకి తీసుకోగానే ఆత్రంగా నోరు తెరిచి రొమ్ము పట్టుకుంటుంది. రెండు గుటకలు వేస్తుందో లేదో, ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై, దగ్గి, వెనక్కి విరుచుకుని, తనకేదో ఘోరమైన అన్యాయం జరిగినట్టు ఇల్లు పీకి పందిరేస్తుంది. సముదాయించి మళ్ళీ పట్టిస్తే మళ్ళీ అదే భాగోతం. చివరికి ఇద్దరూ అలిసిపోతారు. పిల్ల నిద్రలోకి జారుకుంటుంది, తల్లి బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడుస్తుంది.

ఏడవడం ఆమె స్వభావం కాదు. ఆమె డ్రైవింగు టీచరు. పాఠాలు చెప్పే కారులో ఆమె కూర్చునే వైపు స్టీరింగు ఉండదు, ఒక బ్రేకు మాత్రం ఉంటుంది. పక్కవాళ్ళు కారుని గోడ మీదికి తోలుతున్నా అరవకుండా, కంగారుపడకుండా ఆ బ్రేకు మీద కాలు వెయ్యడమే ఆమె ఉద్యోగం. కుడి ఎడమలు తెలియని వాళ్ళని సైతం ఓపికగా రోడ్డెక్కించిన మనిషి, కన్న కూతురికి పాలు తాగడం నేర్పలేకపోయింది. కిందటిసారి ఆస్పత్రిలో నర్సమ్మ తూకం వేసి, మెత్తగానే చెప్పింది. "ఈసారికి బరువు ఎక్కకపోతే సీసా పాలు కూడా పట్టాలమ్మా. అందులో తప్పేం లేదు. చాలామంది ఇస్తారు." తప్పు లేదని ఆమెకీ తెలుసు. అయినా తన చేత కాదని ఎవరో తీర్పు చెప్పేసినట్టు గుండెలో ముల్లు దిగింది. ఈ రోజు ఆ తూకం రోజు.

పాల విషయంలో అమ్మమ్మకీ నాయనమ్మకీ చెరొక సిద్ధాంతం ఉంది. నాయనమ్మ లెక్కలో కోడలికి పాలు చాలవు. అందుకని మాటిమాటికీ ఓ గ్లాసుడు వేడి పాలు తెచ్చి, ఆఖరి చుక్క కోడలి గొంతు దిగేదాకా పక్కన నిలబడేది. అమ్మమ్మ లెక్కలో పాలకేం, బోలెడు. కూతురికి పిల్లని పట్టుకోవడమే రాదు. అందుకని పాలిచ్చే ప్రతిసారీ కూతురి మోచెయ్యి పైకెత్తి, భుజం కిందికి నొక్కి, వీపు వెనక ఓ దిండు, మోకాలి కింద ఓ దిండు, పిల్ల కింద ఓ దిండు దోపి, నిటారుగా కూర్చోమనేది. ఒకరు దిండు సర్దుతుంటే ఒకరు గ్లాసు అందించేవారు. ఇద్దరికీ తల్లీపిల్లలంటే పంచప్రాణాలు. అసలు ఇబ్బంది అదే. పగవాళ్ళయితే బయటికి పొమ్మనచ్చు.

ఇక తండ్రి లిఫ్టు మెకానిక్. ఆగిపోయిన ప్రతిదానికీ ఏదో కారణం ఉంటుందనీ, విప్పి చూస్తే దొరుకుతుందనీ ఆయన నమ్మకం. కూతుర్ని విప్పి చూడడానికి లేదు కనుక ఉయ్యాల మరలు బిగించాడు, కుర్చీ కాళ్ళ కిర్రు పోగొట్టాడు, గోడ గడియారం చప్పుడు చేస్తోందని దాని బ్యాటరీ పీకేశాడు. వాళ్ళుండే భవనంలో లిఫ్టు బాధ్యత కూడా ఆయనదే. ఆయన చేతికి వచ్చాక ఆ లిఫ్టు ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు. నలుగురిలో చెప్పుకోడానికి ఆయనకున్న గొప్ప అదొక్కటే, దాన్ని ఆయన నలుగురిలో చెప్పుకోని రోజు లేదు.

ఆ పొద్దున ఆయన అందరికంటే ముందే కిందికి దిగాడు. కింది అంతస్తులో పళ్ళ డాక్టరు గారున్నారు. భవనం సంఘానికి సెక్రటరీ కూడా ఆయనే. లిఫ్టు కాంట్రాక్టు గడువు తీరుతోందనీ, ఇంకో కంపెనీ వాళ్ళు కూడా అడుగుతున్నారనీ, ఓసారి కనిపించమనీ కబురు పెట్టారు. ఆ మాటేదో తేల్చుకుని, దిగివచ్చిన ఆడవాళ్ళని వెంటపెట్టుకుని ఆస్పత్రికి వెళ్దామని మెకానిక్ అనుకున్నాడు.

అయిదో అంతస్తులో లిఫ్టు ముందు తల్లి నిలబడి ఉంది. భుజాన దొరసాని అప్పటికే రాగం అందుకుంది.

"పిల్ల మెడ వాలిపోతోంది చూడమ్మాయ్, ఆ చెయ్యి కాస్త పైకి పెట్టు," అంది అమ్మమ్మ.

"బయల్దేరేముందు ఈ గ్లాసు తాగేశావంటే ఓ పనైపోతుందే," అంది నాయనమ్మ మూత తీస్తూ.

"ఇందాకే తాగింది కదా వదినగారూ."

"అది నిద్ర లేవగానే తాగింది వదినగారూ. అదెప్పుడో అరిగిపోయుంటుంది."

తల్లి లిఫ్టు రాగానే పిల్లతో లోపలికి అడుగుపెట్టింది. ఇంక ఎక్కాల్సింది వియ్యపురాళ్ళిద్దరూ.

"మీరు పదండి వదినగారూ," అంది అమ్మమ్మ.

"అయ్యో, భలేవారే. పిల్లనిచ్చినవారు, మీరు ముందు."

"పెద్దవారు మీరుండగా నేనెలా ఎక్కుతానండీ."

"వయసుకేముందండీ, ఎక్కండి."

ఈ మర్యాద ఒక కొలిక్కి వచ్చేలోగా తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు దిగడం మొదలైంది. నాలుగు దాటింది, మూడు దాటింది, రెండు ఇంకా రాలేదనగా చిన్న కుదుపుతో ఆగిపోయింది. లిఫ్టు బావిలోంచి దొరసాని కేక ఒకటి లేచి మేడమీది నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళింది.

తలుపు పక్కనున్న అంకె ఎంతకీ మారకపోయేసరికి వియ్యపురాళ్ళకి విషయం అర్థమైంది. ఫోను చేద్దామంటే తల్లి ఫోను సంచిలో ఉంది, సంచి నాయనమ్మ చేతిలో ఉంది, ఆ ఫోను తెరవడం ఇద్దరికీ రాదు. ఇద్దరూ మెట్లమీదుగా మూడో అంతస్తుకి దిగారు. అమ్మమ్మ మూసి ఉన్న లిఫ్టు తలుపుకి నోరు ఆనించి, "అమ్మాయ్, భయపడకు. పిల్ల మెడ జాగ్రత్త. నిటారుగా కూర్చో," అని చెప్పసాగింది. నాయనమ్మ కొడుకుని పిలుచుకురావడానికి ఇంకా కిందికి దిగబోయింది. మలుపు దగ్గర ఆమెకి బీరువా ఎదురైంది.

ఆ రోజే పై అంతస్తులో ఎవరో కొత్తగా చేరుతున్నారు. వాళ్ళ చెక్క బీరువా లిఫ్టులో ఎక్కించాలని తెచ్చారు. లిఫ్టు ఆగిపోయిందని తెలిసి, మోసేవాళ్ళిద్దరూ దాన్ని మెట్లమీద ఎక్కిస్తున్నారు. పైనుంచి పెద్దావిడ హడావుడిగా దిగి రావడం చూసి, ఆమెకి దారి ఇద్దామని మంచి మనసుతో పక్కకి ఒంచారు. అంతే, గోడకీ చేతిపట్టుకీ మధ్య బీరువా అడ్డంగా బిగుసుకుపోయింది. పైకి రాదు, కిందికి పోదు.

కింద తలుపులు మూసిన గదిలో ఉన్న మెకానిక్ చెవిన ఆలస్యంగా ఆ కేకలు పడేసరికి పళ్ళ డాక్టరు, "మరి మీ లిఫ్టు మధ్యలో ఆగదంటారు?" అని అడుగుతున్నాడు. "ఆగదండీ," అంటూనే మెకానిక్ తలుపు తీసుకుని బయటికి పరిగెత్తాడు. లిఫ్టు మోటారు గది మేడమీద ఉంది. అక్కడికి వెళ్తే తప్ప ఏమీ చెయ్యలేడు. రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి బీరువాకి గుద్దుకోబోయి ఆగాడు.

"ఇదేంటి?"

"బీరువా అండీ," అన్నారు మోసేవాళ్ళు.

వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, అది బీరువానే. మెకానిక్ జేబులో స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటుంది. బీరువా వెనక చెక్క ఆయన వైపే ఉంది. దాని మరలు చకచకా విప్పి, చెక్క ఊడదీసి, లోపలికి దూరాడు. అవతల వైపు నాయనమ్మ, దారి ఇవ్వమని తలుపు మీద దబదబా బాదుతోంది. ఆమె బాదుతుండగానే తలుపు తెరుచుకుని లోపలినుంచి కొడుకు వచ్చాడు.

"నువ్విందులోకి ఎప్పుడెళ్ళావురా?" అంది నాయనమ్మ.

జవాబు చెప్పే తీరిక ఆయనకి లేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే దొరసాని ఏడుపు ఆగిపోయింది.

తగ్గుతూ తగ్గుతూ ఆగలేదు. ఒక వెక్కు వినిపించింది, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏడుపు ఎప్పుడాగుతుందా అని రోజూ చెవులు మూసుకున్న భవనమంతా ఇప్పుడు చెవులు రిక్కించింది. నాయనమ్మ మెట్టు మీద కూలబడింది. అమ్మమ్మ తలుపు దగ్గర, "అమ్మాయ్, పిల్లేదే? పలకవేమే?" అంటూ అరచేత్తో కొడుతోంది. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు. మెకానిక్‌ మిగిలిన మెట్లు ఎక్కుతూ మేడమీదికి పరుగు తీశాడు.

కింద పళ్ళ డాక్టరు కూడా మంచివాడే. పసిపిల్లకి లోపల గాలాడడం లేదేమోనని అగ్నిమాపక దళానికి ఫోను చేశాడు. ఆయన కుర్చీలో నోటినిండా దూది కుక్కించుకుని కూర్చున్న పేషెంటు ఒకాయన, డాక్టరు మళ్ళీ రాకపోయేసరికి, సంగతేమిటో చూద్దామని వీధి గుమ్మంలోకి వచ్చాడు. ఏమైందని దారిన పోయేవాళ్ళు అడిగారు. ఆయన మాట్లాడలేడు కదా. చేతులతో పైనుంచి కిందికి ఒక పెట్టె గీసి చూపించాడు, అందులో ఒక ఆడమనిషి ఉందని సైగ చేశాడు, చేతుల్లో బిడ్డని ఊపినట్టు ఊపాడు, ఆపైన కళ్ళు పైకి తేలేసి, చాలా కష్టంగా ఉందన్నట్టు తల ఊపాడు. ఇది చూసిన వాళ్ళకి ఒకటే అర్థమైంది. లిఫ్టులో ఎవరికో నొప్పులు వస్తున్నాయి. వెంటనే ఒకరు అంబులెన్సుకి చెప్పారు. వీధి చివరికి వెళ్ళేసరికి ఆ కబురు కవల పిల్లలైంది.

మోటారు గదిలో మెకానిక్ కంట్రోలు పెట్టె తలుపు తీశాడు. కరెంటు ఉంది. మోటారు చల్లగా, నిక్షేపంగా ఉంది. తీగలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకే ఒక్క చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. అది చెడిపోయినప్పుడు వెలిగే దీపం కాదు. లోపల ఉన్న మనిషి చేత్తో ఆపు మీట నొక్కితే వెలిగేది. ఆయన దాన్నే కాసేపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గోడకున్న ఫోను తీశాడు. అది లిఫ్టు లోపలికి కలిపిన ఫోను.

"హలో. నేనే. వినపడుతోందా?"

"ష్," అంది భార్య.

"పిల్లకేమైంది? ఏడుపు ఆగిందేం?"

"తాగుతోంది."

"ఏంటి?"

"పాలండీ. పాలు తాగుతోంది. మెల్లగా మాట్లాడండి."

అవతల ఆమె గుసగుసగా చెప్పుకొచ్చింది.

"మీట నేనే నొక్కాను. ఆ గ్లాసు మళ్ళీ చూసేసరికి ఎక్కడికైనా పారిపోవాలనిపించిందండీ. పారిపోడానికి ఇదొక్కటే కనపడింది. కింద కూలబడ్డాను. దిండ్లూ లేవు, కుర్చీ లేదు. గోడకి జారగిలబడి కాళ్ళు చాపేశాను. పట్టించే ఓపిక కూడా లేదు నాకు. పొట్ట మీద బోర్లా పడుకోబెట్టుకుని, ఏడువు తల్లీ, నేనూ ఏడుస్తానన్నాను. ఇద్దరం ఏడ్చాం. తర్వాత అదే పాక్కుంటూ వచ్చింది."

"ఏది?"

"మన పిల్లేనండీ. ఇక్కడ ఇంకెవరున్నారు?"

"పాకడమేంటి? దానికి మెడే నిలవదు."

"నేనూ అదే అనుకున్నాను. తల ఎత్తింది. పడేసింది. మళ్ళీ ఎత్తింది. కాళ్ళతో తన్నుకుంటూ, కాస్త కాస్త జరుగుతూ వచ్చి, తనే వెతుక్కుని, తనే నోరు తెరిచి పట్టుకుంది. నేను చెయ్యి కూడా వెయ్యలేదు. దగ్గలేదు, విరుచుకోలేదు. అలా తాగుతూనే ఉంది. ఇది దీనికి ఎవరు నేర్పారండీ?"

ఆయన ఫోనుని చెవికి ఇంకాస్త అదుముకున్నాడు. లిఫ్టు గోడలో మాటలు పట్టే జాలీ ఆమె తల పక్కనే ఉందేమో, అన్నీ వినపడుతున్నాయి. ఒక గుటక. చిన్న ఊపిరి. మళ్ళీ గుటక. ఎంతో పని ఉన్న మనిషి తన పని తాను చేసుకుంటున్నట్టు, ఒక పద్ధతిగా, తొందర లేకుండా వస్తోంది ఆ చప్పుడు. ఎన్నో యంత్రాలు విప్పి బిగించిన మనిషి ఆయన. ఏ యంత్రమైనా ఎవరో ఒకరు చెబితేనే కదులుతుంది, తీగ కలిపితేనే తిరుగుతుంది. పుట్టి నిండా నెల కాలేదు, కళ్ళు సరిగా ఆనవు, ఎవరూ దారి చూపలేదు. అయినా ఆ పిల్ల తల్లి పొట్ట మీంచి ప్రయాణం కట్టి, చేరాల్సిన చోటికి చేరింది. మెకానిక్ మోటారు పక్కన నేల మీద కూర్చుని, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏవండీ, ఉన్నారా?"

"ఉన్నాను."

"ఎవరికీ చెప్పకండి. చెప్పారంటే ఇద్దరూ తలుపు దగ్గరికొచ్చి చెయ్యి అలా పెట్టు, ఇలా పెట్టు అంటారు. అది నోరు వదిలేస్తుంది. కాసేపు ఎవరినీ రానివ్వకండి. అంతే నాకు కావాల్సింది."

"రానివ్వను," అన్నాడాయన.

అనడం తేలికే. మూడో అంతస్తుకి దిగేసరికి లిఫ్టు తలుపు ముందు పెద్ద సభే ఉంది. అమ్మమ్మ, నాయనమ్మ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. తెల్లకోటుతో పళ్ళ డాక్టరు, శిరస్త్రాణంతో అగ్నిమాపక అధికారి బీరువాలోంచి దూరి వచ్చారు. అధికారి చేతిలో ఇనప గునపం ఉంది. దాని మొన తలుపు సందులో పెట్టబోతున్నాడు.

"ఆగండి," అన్నాడు మెకానిక్. "తలుపు ముట్టుకోకండి. ఇద్దరూ క్షేమంగా ఉన్నారు. మాట్లాడి వచ్చాను."

"మరి లోపం ఎక్కడ?" అన్నాడు పళ్ళ డాక్టరు.

మెకానిక్ నీళ్ళు నమిలాడు. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. లిఫ్టు నిక్షేపంగా ఉందని ఒక్క ముక్క అంటే ఆయన పరువూ, కాంట్రాక్టూ రెండూ దక్కుతాయి. ఆయన తలుపు వంక చూశాడు.

"పెద్ద లోపమేనండీ. కాస్త టైము పడుతుంది."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆగలేదనేవారు."

"ఇవాళ ఆగింది."

ఆ రెండు మాటలూ ఆయన నోటినుంచి ఎంత కష్టంగా వచ్చాయో ఆయనకే తెలుసు. పళ్ళ డాక్టరు తల పంకించాడు. ఆ పంకింపులో ఇంకో కంపెనీ పేరు స్పష్టంగా కనిపించింది.

అగ్నిమాపక అధికారి మాత్రం గునపం దించలేదు. "పిల్ల ఏడుపు ఆగి చాలాసేపైందంటున్నారు. మీ మాట నమ్మి నేను చేతులు కట్టుకుని నిలబడలేనండీ. నా ఉద్యోగం ఒప్పుకోదు."

అది న్యాయమైన మాట. మెకానిక్ ఆయన్ని చెయ్యి పట్టుకుని మేడమీదికి తీసుకుపోయి, ఫోను చెవికి ఆనించి, సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. అధికారి విన్నాడు. మొహం మీది ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. కాసేపటికి శిరస్త్రాణం తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంకాసేపటికి, "మా చిన్నాడు కూడా ఇలాగే చప్పుడు చేసేవాడు," అన్నాడు. ఫోను మళ్ళీ గోడకి తగిలించేటప్పుడు రెండు చేతులతో, గాజుగ్లాసు పెడుతున్నట్టు పెట్టాడు.

కిందికి వచ్చి ఆయన చేసిన ప్రకటన ఒకటే. "పరిస్థితి చాలా సున్నితంగా ఉంది. భవనంలో ఎక్కడా చప్పుడు కాకూడదు. చెప్పులు విప్పేయండి."

ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆజ్ఞ బీరువాలోంచి కిందికీ, మెట్లమీంచి పైకీ పాకింది. ఎవరో మిక్సీ ఆపారు. ఎవరో టీవీ ఆపారు. కారుతున్న కొళాయి కింద ఎవరో గుడ్డ పెట్టారు. వీధిలో అంబులెన్సు వాళ్ళు స్ట్రెచరు దించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నోట్లో దూది ఉన్నాయన ఎలాగూ మాట్లాడడం లేదు. మూడో అంతస్తు తలుపు ముందు ఇద్దరు ముసలమ్మలు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరికీ ఏ సలహా ఇవ్వకుండా నిలబడ్డారు. అంత పెద్ద భవనం, అన్ని సంసారాలు, అన్ని పనులు, దిండులో సగం లేని ఒక మనిషి కోసం ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో లిఫ్టు బావిలోంచి ఒక చప్పుడు పైకి వచ్చింది. తేన్పు. పొట్టనిండా భోంచేసి, వక్కపొడి నోట్లో వేసుకున్న పెద్దమనిషి తేన్చే తేన్పు. అంత తేన్పు అంత చిన్న ఒంట్లో ఎక్కడ పట్టిందో ఎవరికీ తెలియలేదు.

"తాగిందే," అంది నాయనమ్మ. "వదినగారూ, నా తల్లి తాగింది." ఆ మాట అని పళ్ళ డాక్టరు తెల్లకోటు పట్టుకుని ఏడ్చేసింది, ఆయనే దగ్గర్లో ఉన్నాడు కనుక.

అప్పుడే లిఫ్టు కదిలింది. ఎవరూ ఏ పానా తిప్పకుండా, ఏ తీగా ముట్టుకోకుండా, దానంతటదే మెత్తగా కిందికి దిగిపోయింది. అందరూ మెట్లవైపు పరిగెత్తారు. బీరువా దగ్గర ఈసారి మీరు ముందు, మీరు ముందు అనే మర్యాదలు లేవు. నాయనమ్మ దూరుతుండగా వెనకనుంచి అమ్మమ్మ తోసింది.

కింద తలుపులు తెరుచుకునేసరికి తల్లి నిలబడి ఉంది. జుట్టు చెదిరి, కళ్ళు వాచి, మొహం మాత్రం తేటగా ఉంది. భుజాన దొరసాని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. పెదవి చివర ఒక పాలచుక్క ఉంది. గుమ్మం నిండా నిలబడ్డ జనం ఆ చుక్క వంక చూస్తూ ఉండిపోయారు. స్ట్రెచరుతో ముందుకొచ్చిన అంబులెన్సు మనిషి నోరెళ్ళబెట్టాడు.

"ఇప్పుడే పుట్టిన పిల్ల ఇంత కళగా ఉండడం నేనెక్కడా చూడలేదమ్మా," అన్నాడు. "రెండోబిడ్డ ఏది?"

ఆస్పత్రిలో నర్సమ్మ పిల్లని తూకంలో పడుకోబెట్టింది. తండ్రి ముల్లు వంక కాకుండా పైకప్పు వంక చూస్తున్నాడు. తల్లి పెదవి కొరుక్కుంటోంది. నర్సమ్మ ఒకసారి చూసి, తీసి, మళ్ళీ పడుకోబెట్టి చూసింది.

"ఎక్కింది. ఇక్కడికొచ్చే ముందు బాగా తాగినట్టుంది, ఇందులో కొంత అదే. అయినా పర్లేదు, కడుపులోకి పోయింది మనదే. సీసా మాట ప్రస్తుతానికి పక్కన పెడదాం. రెండు మూడు రోజులు పోయాక మళ్ళీ తీసుకురండి. ఇంతకీ ఎలా పట్టించావమ్మా?"

తల్లి చెప్పింది. జారగిలబడడం, బోర్లా పడుకోబెట్టడం, పిల్ల పాక్కుంటూ రావడం. నర్సమ్మ నవ్వింది.

"అదీ సంగతి. నీకు పాలు చాలక కాదమ్మా, ఎక్కువై. నిటారుగా కూర్చుంటే ధారగా గొంతులో పడుతున్నాయి, పిల్లకి ఊపిరి తిరగడం లేదు. అందుకే దగ్గి వదిలేస్తోంది. నువ్వు వెనక్కి వాలితే జోరు తగ్గుతుంది, దాని ఇష్టప్రకారం అది తాగుతుంది. నేను ముందే నిన్ను కూర్చోబెట్టి చూడాల్సింది."

నాయనమ్మ చేతిలో మూత పెట్టిన గ్లాసు ఇంకా ఉంది. ఆమె దాన్ని ఓసారి చూసి, ఎవరూ తనవైపు చూడడం లేదని నమ్మకం కుదిరాక, గటగటా తనే తాగేసింది.

సాయంత్రం పళ్ళ డాక్టరు స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. మెకానిక్ గుండె రాయి చేసుకుని తలుపు తీశాడు.

"అంత పెద్ద లోపం వచ్చిందా, మీరు ఒక్క వస్తువు మార్చలేదు, కనీసం గట్టిగా తట్టలేదు, దాన్ని అలా మెత్తగా కిందికి దించేశారు," అన్నాడు డాక్టరు కళ్ళు పెద్దవి చేసి. "ఇలాంటి పనితనం నేను చూడలేదు. కాంట్రాక్టు మీకే. ఇంకో మాట వద్దు." మెకానిక్ ఏదో అనబోయి, లోపల జారగిలబడి కూర్చున్న భార్య కళ్ళతోనే వారించడం చూసి, వినయంగా తల వంచుకున్నాడు.

డాక్టరు వెళ్ళాక నాయనమ్మ కోడలి మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. గదిలో దిండ్లు కనపడలేదు. అమ్మమ్మ వాటన్నిటినీ ఎక్కడో సర్దేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. దొరసాని తల్లి పొట్ట మీద బోర్లా పడుకుని మళ్ళీ ప్రయాణం మొదలుపెట్టింది. తల ఎత్తింది, పడేసింది, ఎత్తింది. నాయనమ్మ చెయ్యి సాయానికి ముందుకు వెళ్ళి, దారిలో ఆగి, వెనక్కి వచ్చి ఒళ్ళో పడింది. పిల్ల తనే చేరుకుని పట్టుకుంది.

"లిఫ్టు చెడిపోలేదు కదే," అంది నాయనమ్మ చివరికి.

"లేదత్తయ్యా. నేనే ఆపాను. కోపం వచ్చిందా?"

నాయనమ్మ మనవరాలి చెవి వెనక మెత్తటి జుట్టుని చూస్తూ కూర్చుంది. "నీ మొగుడు పుట్టినప్పుడు ఇంటినిండా జనమే. తలుపున్న గది ఒక్కటి లేదు. వాడు తాగినా, తాగకపోయినా చూడ్డానికి పదిమంది ఉండేవాళ్ళు. ఒక్క పూట, ఒక్క పూట మేమిద్దరమే ఉంటే బాగుండునని ఎంత అనుకున్నానో." కోడలి వైపు కాస్త ఒంగింది. "ఇంతకీ ఏ మీటే అది?"

"ఎర్రదత్తయ్యా. అంకెలన్నిటికీ కింద ఉంటుంది."

"ఊ," అంది నాయనమ్మ.

మర్నాడు పొద్దున వంటింట్లో ఒకటే పని. చుట్టుపక్కల వాళ్ళంతా పిల్లని చూడ్డానికి వస్తామన్నారు. నాయనమ్మ కూరగాయలు తెస్తానని సంచి తీసుకుని కిందికి బయల్దేరింది. గదిలో దొరసాని గుటకలు వేస్తోంది. మెకానిక్ గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు వింటున్నాడు. అది ఎంతసేపు విన్నా ఆయనకి తనివి తీరడం లేదు. అంతలో ఫోను మోగింది.

"రెండుకీ మూడుకీ మధ్య మళ్ళీ ఆగిందండీ," అన్నాడు పళ్ళ డాక్టరు.

మెకానిక్ గదిలోకి చూశాడు. భార్య ఉంది, పిల్ల ఉంది. వంటింట్లోకి చూశాడు. అమ్మమ్మ ఉంది.

"పెద్ద లోపమేనండీ," అని చెప్పి, ఆయన నింపాదిగా రెండో గ్లాసు కాఫీ పోసుకున్నాడు.